వినబడని బిడ్డకు మాట నేర్పాలా, సైగ భాష నేర్పాలా? నల్గొండ, పాలమూరు తల్లిదండ్రులకు ఒక తల్లి సలహా

మా అమ్మాయికి వినబడదని మాకు అర్థమయ్యేసరికి దానికి రెండేళ్ల నాలుగు నెలలు. ఆ ఏడు దీపావళికి వాకిట్లో లక్ష్మీ బాంబు పేలితే పక్కింటి చంటిది గుక్కపెట్టి ఏడ్చింది. మాది మాత్రం అటు తిరిగి కూర్చుని మట్టిలో పుల్లతో గీతలు గీసుకుంటూనే ఉంది. అంతకు ఆరు నెలల ముందు నుంచీ నాకు అనుమానమే. అడిగితే మా అత్తమ్మ, "పెద్దగైతే మాటలొస్తయ్ తియ్యి బిడ్డా, మీ మామకు గూడ నాలుగేండ్లకే వచ్చినయ్" అనేది. ఆ మాట వింటే ధైర్యంగా ఉండేది. అందుకే నమ్మాను.

ఇప్పుడు దానికి పదకొండేళ్లు. ఈ మధ్యలో చెవి మిషన్లు వాడాం, కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ చేయించాం, మాట తప్ప ఇంకేదీ వద్దని రెండేళ్లు పట్టుబట్టాం, ఆ తర్వాత ఇంటిల్లిపాదీ సైగ భాష నేర్చుకున్నాం. దేవరకొండ, నాగర్‌కర్నూల్, మిర్యాలగూడ వైపు నుంచి తల్లులు ఫోన్ చేసి "అక్కా, ఏది మంచిది?" అని అడుగుతుంటారు. వాళ్లకు ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేది ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సైగ భాష ఈ రోజే మొదలుపెట్టండి. వినికిడి కోసం, మాట కోసం చేయాల్సినవన్నీ దాంతోపాటే చేయండి. మొదట మాట ప్రయత్నిద్దాం, రాకపోతే అప్పుడు సైగలు చూద్దాం అని ఆగొద్దు. మేం ఆగాం. అలా పోయిన రెండేళ్లు ఎంత డబ్బు పెట్టినా తిరిగి రాలేదు.

ముందు పరీక్ష, ఆ తర్వాతే ఏ దారైనా

ఏ భాషనైనా పిల్లల మెదడు తేలిగ్గా పట్టుకునేది మొదటి నాలుగైదేళ్లలోనే. అందుకే డాక్టర్లు 1-3-6 అనే లెక్క చెప్తారు: నెలలోపు వినికిడి స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స, శిక్షణ మొదలు. మన దగ్గర చాలామందికి ఆ లెక్క ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. దాటిపోయిందని బెంగ పడుతూ ఇంకో ఆరు నెలలు పోగొట్టుకోవద్దు.

వెనక నిలబడి పళ్లెం మోగించి, పిల్ల తిరిగి చూసింది కాబట్టి వినబడుతోంది అనుకోకండి. నేనూ అలాగే మోసపోయాను. నేల అదురు, గాలి కదలిక, గోడ మీద నీడ, ఇవన్నీ ఈ పిల్లలు మనకంటే బాగా పట్టేస్తారు. అసలు సంగతి తేల్చేది బెరా పరీక్ష. పిల్ల నిద్రలో ఉండగా తలకు వైర్లు అంటించి, శబ్దానికి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో చూస్తారు. నొప్పి ఉండదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు, బడులకు డాక్టర్ల బృందాలు వస్తాయి. అనుమానం ఉంటే వాళ్లకు చెప్పి జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీకి రాయించుకోండి. అది పిల్లల లోపాలను తొందరగా గుర్తించే కేంద్రం.

మేనరికం వల్లేనా అని చాలామంది గొంతు తగ్గించి అడుగుతారు. కొన్ని రకాల పుట్టు చెవుడుకు మేనరికం అవకాశం పెంచుతుంది, నిజమే. గర్భంతో ఉన్నప్పుడు రుబెల్లా సోకినా, పుట్టాక కామెర్లు బాగా ముదిరినా, మెదడు పొరల వాపు జ్వరం (మెనింజైటిస్) వచ్చినా వినికిడి పోవచ్చు. కారణం తెలుసుకోండి, తర్వాతి కాన్పుకు పనికొస్తుంది. కానీ ఇంట్లో ఒకరి మీద ఒకరు నింద వేసుకునే టైము ఇది కాదు. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి. మెదడు పొరల వాపు జ్వరం తర్వాత వినికిడి పోతే అస్సలు ఆలస్యం చేయొద్దు. లోపలి చెవి ఎముకలా గట్టిపడిపోవచ్చు, అప్పుడు ఇంప్లాంట్ పెట్టడం కష్టమవుతుంది.

మాట దారి: మిషన్, ఇంప్లాంట్, పెదాలు

చెవి మిషన్ శబ్దాన్ని పెద్దది చేస్తుంది, అంతే. లోపలి చెవిలో పనిచేసే కణాలు ఎన్నో కొన్ని ఉంటేనే దాంతో లాభం. 40 నుంచి 70 డెసిబెల్స్ వరకు లోపం ఉన్న పిల్లలు, మంచి డిజిటల్ మిషన్, దాన్ని చెవిలో పట్టి ఉంచే, సరిగ్గా కుదిరిన అచ్చు ఉంటే, మాటను బాగానే పట్టుకుంటారు. 90 దాటితే మిషన్‌తో చప్పుడు తెలుస్తుంది గానీ మాటలు విడివిడిగా తెలియడం చాలా కష్టం. మా దానిది రెండు చెవుల్లోనూ 90 పైనే. దాన్ని ఎత్తుకుని గుండెకు హత్తుకున్నప్పుడల్లా మిషన్ కూయ్ మని కూసేది. చెవి పెరిగి అచ్చు వదులైందని దానర్థం. చిన్నపిల్లలకు కొన్ని నెలలకోసారి కొత్త అచ్చు చేయించాలి. ఈ ముక్క మాకు ఎవరూ చెప్పలేదు. ఎనిమిది నెలలు వదులు అచ్చుతోనే తిప్పాం.

ఇంప్లాంట్ పని వేరు. పాడైన కణాలను దాటేసి, ఎలక్ట్రోడ్లతో నేరుగా వినికిడి నరానికి సంకేతాలు పంపుతుంది. లోపలి భాగం ఆపరేషన్ చేసి పెడతారు. బయటి ప్రాసెసర్ చెవి వెనక ఉంటుంది, కాయిల్ అయస్కాంతంతో తలకు అంటుకుంటుంది. ప్రైవేటులో ఖర్చు లక్షల్లో ఉంటుంది. కేంద్రం వికలాంగులకు పరికరాలిచ్చే అడిప్ పథకం కింద పుట్టు చెవుడున్న ఐదేళ్లలోపు పిల్లలకు ఇస్తారు. ఆ పని చూసేది వినికిడి, మాట లోపాల మీద పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ. దాని ప్రాంతీయ కేంద్రం మనకు దగ్గర్లోనే, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది. ఆరోగ్యశ్రీలో కూడా ఈ ఆపరేషన్ ఉంది. రెండింటికీ వయసు షరతు ఉంటుంది కాబట్టి బెరా రిపోర్టు చేతికొచ్చిన వారంలోనే అడగండి. ఆపరేషన్‌కు ముందు న్యుమోకాకల్ టీకా వేయించాలి. ఆ చెవిలో మిగిలిన కాస్తో కూస్తో సొంత వినికిడి ఆపరేషన్‌తో పోవచ్చని కూడా తెలిసే సంతకం పెట్టండి.

ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలకు స్విచాన్ చేస్తారు. ఆ రోజు అది "అమ్మా" అంటుందేమోనని నేను కొత్త చీర కట్టుకుని పోయాను. అది భయపడి కేక పెట్టి కాయిల్ పీకి విసిరేసింది. అప్పుడు అక్కడి థెరపిస్టు ఒక మంచి మాట చెప్పింది: "ఇవాళ ఈ పాపకు వినికిడి వయసు ఒక్క రోజు." నాలుగేళ్ల పిల్ల ఆ రోజే పుట్టినట్టు లెక్క. చప్పుడు ఎటు నుంచి వస్తోంది, ఏది కుక్క, ఏది మిక్సీ, ఏది అమ్మ గొంతు, అన్నీ మొదటి నుంచి నేర్పాలి. ఏడాది వయసులో ఆపరేషన్ అయిన పిల్లకూ, నాలుగేళ్లప్పుడు అయిన పిల్లకూ ఫలితంలో తేడా అందుకే అంత ఉంటుంది. తొందరగా పెట్టించినా అందరు పిల్లలకూ ఒకేలా మాట రాదు. ముందుగా గ్యారంటీ ఇచ్చేవాళ్లను నమ్మకండి.

ఇక రోజువారీ సంగతి. నల్గొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. వారానికి ఒకటి రెండు సార్లు స్పీచ్ థెరపీ, మధ్యమధ్యలో మ్యాపింగ్, అంటే ప్రాసెసర్‌ను పిల్ల వినికిడికి తగ్గట్టు సరిచేయడం. 2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి పథకం వచ్చాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తల్లికి టికెట్ లేదు. కానీ ఆ రోజు కూలి పోయినట్టే. ఎండాకాలం చెమటకు ప్రాసెసర్ మొరాయిస్తుంది. రాత్రిపూట సిలికా జెల్ ఉన్న డ్రై బాక్సులో పెట్టాలి. కేబుల్ తెగితే వేలల్లో ఖర్చు, వారంటీ దాటాక ప్రాసెసర్ మార్చాలంటే లక్షల్లో. ఒకసారి కేబుల్ తెగి కొత్తది వచ్చేవరకు ఇరవై రోజులు పట్టింది. ఆ ఇరవై రోజులూ ఇంట్లో పిల్లకు మాట లేదు, మాకూ లేదు.

ఇంట్లో ప్రతి ఉదయం చేయాల్సిన పరీక్ష ఒకటుంది, దీనికి ఖర్చేం లేదు. పిల్లను ఒక గిన్నె, గుప్పెడు చింతగింజలు ఇచ్చి కూర్చోబెట్టండి. మీరు వెనక కూర్చుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ, ఊ, ఈ, మ్, ష్, స్ అని ఒక్కొక్కటే అనండి. వినబడినప్పుడల్లా గిన్నెలో ఒక గింజ వేయాలి. సన్న శబ్దాల నుంచి బొంగురు శబ్దాల దాకా మాటలో ఉండేవన్నీ ఈ ఆరింటిలో దాదాపు వచ్చేస్తాయి. రోజూ పడే "స్" గింజ ఇవాళ పడలేదంటే, మిషన్‌లోనో బ్యాటరీలోనో ఏదో తేడా ఉన్నట్టు. మా ఇంట్లో ఇప్పటికీ చాయ్ మరిగేలోపు ఇది అయిపోతుంది.

పెదాలు చూసి అర్థం చేసుకుంటుందిలే అని ధీమాగా ఉండేవాళ్లు ఒక పని చేయండి. అద్దం ముందు నిలబడి గొంతు రాకుండా "బడి", "మడి", "పడి" అనండి. మూడూ ఒకేలా ఉంటాయి. క, గ నోటి వెనక భాగంలో పుడతాయి, బయటికి కనిపించనే కనిపించవు. పిల్ల సగం చూసి, సగం ఊహించి, పూట పూటా అలసిపోతుంది. టీచర్ బోర్డు వైపు తిరిగితే ఆ సగమూ లేదు.

సైగ భాష దారి

మొదట ఒక అపోహ తీసేయాలి. ఆకలి, నీళ్లు, రా, పో అని మనం చేతులు తిప్పేవి ఇంటి సైగలు. భారతీయ సైగ భాష అంటే అది కాదు. దానికి సొంత పదాలు, సొంత వ్యాకరణం ఉన్నాయి. ముఖం కూడా అందులో భాగమే. కనుబొమ్మలు ఎత్తడంలో, తల ఊపడంలో అర్థం మారిపోతుంది. ప్రశ్న పదం వాక్యం చివర వస్తుంది. "నీ పేరు ఏంది" అని మనం అనే వరసలోనే సైగల్లోనూ ఉంటుంది. కాబట్టి తెలుగువాళ్లకు ఆ వరస కొత్తగా అనిపించదు.

ఇంటి సైగలు ఎక్కడ ఆగిపోతాయో నాకు తెలిసిన తీరు చెప్తాను. మా మామయ్య చనిపోయినప్పుడు దానికి నాలుగున్నర. మాటలు ముప్పై దాకా వచ్చు. రోజూ సాయంత్రం ఆయన చాయ్ తాగి ఇంటికొచ్చే వేళకు గేటు పట్టుకుని నిలబడేది. తాత రాడని చెప్పాలి. ఎలా చెప్పాలి? ఫోటో చూపించాం, పైకి చెయ్యి చూపించాం. అది మిద్దె మీదకు పోయి వెతికొచ్చింది. నెలన్నర అలాగే నిలబడింది. "నిన్న", "ఇక ఎప్పటికీ", "ఎందుకు" అనే మాటలు మా ఇంటి సైగల్లో లేవు. ఏడాదిన్నర తర్వాత, సైగ భాష కాస్త వచ్చాక, ఒక రాత్రి పక్కలో పడుకుని అది నన్ను అడిగిన మొదటి పెద్ద ప్రశ్న తాత గురించే. కరెంటు లేదు. సెల్ టార్చి గోడకు ఆనించి, ఆ వెలుతురులో చేతులతో చెప్పాను.

అప్పటిదాకా సైగలు ఎందుకు నేర్పలేదంటే, మేం వెళ్లిన ఒక థెరపీ సెంటర్‌లో "సైగ చేస్తే చూడనట్టే ఉండండి, లేకపోతే నోరు రాదు" అన్నారు. ఇంట్లో పెద్దవాళ్లదీ అదే మాట. ఈ నమ్మకం పాతది. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల టీచర్ల సభ ఒకటి జరిగి, బడుల్లో సైగలు మానేయాలని తీర్మానించింది. ఓటు వేసినవాళ్లలో దాదాపు అందరూ వినబడేవాళ్లే. 2010లో కెనడాలోని వాంకూవర్‌లో అదే వరస సభ ఆ తీర్మానానికి విచారం ప్రకటించింది. ఈ మధ్యలో నూట ముప్పై ఏళ్లు గడిచాయి.

నేర్చుకోవడానికి ఇప్పుడు దారులున్నాయి. ఢిల్లీలో 2015లో ఏర్పాటైన భారతీయ సైగ భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి పది వేల పదాల డిక్షనరీని వీడియోలుగా తెచ్చింది. యూట్యూబ్‌లో ఉచితంగా చూడొచ్చు. పీఎం ఈ-విద్య 31వ ఛానెల్‌లో సైగ భాష పాఠాలు వస్తాయి. అయితే వీడియో చూసి నేర్చుకున్నది వంటల పుస్తకం చదివి వంట నేర్చుకున్నట్టే ఉంటుంది. చెవిటి పెద్దవాళ్ల దగ్గర కూర్చుంటేనే భాష పట్టుబడుతుంది. మాకు నల్గొండ క్లాక్ టవర్ దగ్గర బట్టలు కుట్టే ఒకాయన దొరికారు. పుట్టు చెవుడు. ఆదివారం ఆదివారం షాపు మూసేశాక గంటసేపు నేర్పేవారు. మా అమ్మాయి బుగ్గ సొట్ట చూసి, అక్కడ వేలు ఆనించి దానికో సైగ పేరు పెట్టారు. ఆ రోజు దాని ముఖం చూడాలి. పెద్దయ్యాక కూడా వినబడని మనుషులు ఉంటారని, వాళ్లు సంపాదించుకుంటారని, పెళ్లాం పిల్లలతో ఉంటారని అంతవరకు దానికి తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు.

కష్టాలు కూడా చెప్పాలి. సైగ భాషకు లిపి లేదు. చదవడం, రాయడం తెలుగులోనే నేర్చుకోవాలి, అది విడిగా చేయాల్సిన పెద్ద పని. కు, లో, నుంచి లాంటివి మా దాని రాతలో ఇప్పటికీ జారిపోతాయి. "అమ్మ బస్సు హైదరాబాద్ పోయింది" అని రాస్తుంది. ఎర్ర పెన్నుతో కొట్టేయకుండా, పక్కన సరైన వాక్యం రాసి, రెండింటినీ సైగల్లో చెప్పి తేడా చూపిస్తాను. రెండో కష్టం, ఇంట్లో తల్లి ఒక్కతే నేర్చుకుంటే పిల్ల తల్లి కొంగుకే అతుక్కుపోతుంది. నాన్న, అన్న, నానమ్మ తలా వంద పదాలైనా నేర్చుకోవాలి. "చేతులు తిప్పుడు నాకేడొస్తది బిడ్డా" అన్న మా అత్తమ్మే ఇప్పుడు దాంతో బియ్యం ఏరుకుంటూ ఊరి ముచ్చట్లన్నీ చెప్తుంది.

రెండూ కలిపితే మాట దెబ్బతింటుందా?

అందరూ ఆగిపోయే ప్రశ్న ఇదే. చెవిటి తల్లిదండ్రులకు పుట్టి, పుట్టినప్పటి నుంచి సైగ భాషలో పెరిగి, ఇంప్లాంట్ కూడా పెట్టించుకున్న కొద్దిమంది పిల్లల్ని అమెరికాలో పరిశీలించి 2014లో ఒక అధ్యయనం వచ్చింది. వాళ్ల మాట, సైగల ఇళ్లలోనే పెరిగిన వినబడే పిల్లల మాటకు దీటుగానే ఉంది. 2017లో అక్కడే వచ్చిన ఇంకొకటి, సైగలు వాడని ఇళ్ల పిల్లల మాటే మెరుగని చెప్పింది. అందులో చూసింది ఎక్కువగా మాటలకు తోడుగా వేసే సైగల్నే గానీ పూర్తి సైగ భాషను కాదని దానిమీద విమర్శ వచ్చింది. నేను రెండూ చెప్తున్నాను, ఎందుకంటే డాక్టర్ మీకు రెండోది మాత్రమే చెప్పొచ్చు.

మా ఇంట్లో అయితే సైగలు మొదలయ్యాకే మాట పెరిగింది. దానికి నా దగ్గర లెక్కలేం లేవు, నోటుబుక్కు మాత్రం ఉంది. ఒక సంగతి సైగల్లో ముందే అర్థమైతే, దాని తెలుగు మాటను చెవితో పట్టుకోవడం సులువవుతోందని నాకనిపించింది.

ఒక్క జాగ్రత్త. నోటితో తెలుగు మాట్లాడుతూ అదే సమయంలో చేతులతో సైగ భాష చేయాలని చూడకండి. రెండు వ్యాకరణాలు ఒకేసారి నడవవు, రెండూ కుంటుపడతాయి. వేళలు వేరు చేసుకోండి. మేం అన్నం తినేటప్పుడు సైగలే. పొద్దున చింతగింజల ఆట, పాటలు, సాయంత్రం అరగంట కథ చెవితో. జ్వరం వచ్చినా, ఏడ్చినా, గొడవైనా సైగలే, ఎందుకంటే అప్పుడు అర్థం కావడమే ముఖ్యం. స్నానం చేసేటప్పుడు, పడుకున్నప్పుడు, మిషన్ తీసిన ప్రతిసారీ మీ బిడ్డకు ఏమీ వినబడదని గుర్తుంచుకోండి.

ఎవరింటికి ఏది

లోపం 70 డెసిబెల్స్‌లోపు ఉండి, మిషన్‌తో మాట బాగా పట్టుకుంటుంటే మాటనే ముఖ్యంగా పట్టుకోండి. సైగలు కొన్ని నేర్చుకుని ఉంచండి. 90 పైన, వయసు రెండేళ్లలోపు అయితే ఇంప్లాంట్ ప్రయత్నం ఈ నెలలోనే మొదలుపెట్టండి, ఆపరేషన్ కోసం ఎదురుచూసే నెలల్లోనూ సైగ భాష నేర్పండి. నాలుగేళ్లు దాటి ఇంకా భాష ఏదీ లేని పిల్లకు నేనైతే సైగ భాషకే మొదటి చోటు ఇస్తాను, ఇంప్లాంట్ వచ్చినా రాకపోయినా. ఐదారేళ్లు దాటిన పుట్టు చెవిటి పిల్లకు అప్పు చేసి, పొలం అమ్మి ఆపరేషన్ చేయించాలనుకుంటే, ఒక్కసారి ఆగి ఇద్దరు ముగ్గురు ఆడియాలజిస్టులను (వినికిడి నిపుణులను) విడివిడిగా అడగండి.

పాలమూరు నుంచి పనికి వలస పోయే ఇళ్లకు ఇంకో లెక్క ఉంది. ఆరు నెలలు ముంబైలో, ఆరు నెలలు ఊళ్లో ఉంటే థెరపీ నిలవదు, మ్యాపింగ్ తప్పిపోతుంది. ఊరూరికీ కొన్ని పదాలు మారినా భారతీయ సైగ భాష ముంబైలోనూ పనికొస్తుంది. ఇంప్లాంట్ పెట్టించాలనుకుంటే కనీసం రెండేళ్లు తల్లీబిడ్డా ఒకచోట ఉండే ఏర్పాటు ముందే చూసుకోండి.

వైకల్యం ఉందని తేల్చే సర్టిఫికెట్ (సదరం అంటుంటారు), యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు ఏ దారిలో వెళ్లినా కావాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ లోపం ఉంటే బధిరులు, 60 నుంచి 70 మధ్య ఉంటే వినికిడి తక్కువవాళ్లు. పిల్లలకు వాళ్లకు తగిన భాషలో, తగిన పద్ధతిలో చదువు చెప్పాలని కూడా అదే చట్టంలో ఉంది. బడికి వెళ్లినప్పుడు ఈ మాట గట్టిగా అడగండి.

బడి సంగతి

మండలంలో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రం ఉంటుంది, ప్రత్యేక టీచర్ ఉంటారు. ఊళ్లో మామూలు బడిలో చదివిస్తూ అక్కడికి పంపొచ్చు. పిల్ల మన కళ్ల ముందే ఉంటుంది. కానీ నలభై మందిలో సైగ తెలిసినవాళ్లు ఒక్కరూ ఉండరు. రెండోది బధిరుల ఆశ్రమ పాఠశాల, మన వైపు మిర్యాలగూడలో ప్రభుత్వానిది ఉంది. అక్కడ భాష నిండుగా ఉంటుంది, అమ్మ ఉండదు.

ఏ హాస్టల్లోనైనా చేర్చే ముందు ఆఫీసు గదిలో మాట్లాడి వచ్చేయకండి. సాయంత్రం పిల్లలు అన్నం తినే వేళకు వెళ్లి ఒక మూల గంటసేపు కూర్చోండి. చిన్నపిల్లలు పెద్దపిల్లలతో ఏం చెప్పుకుంటున్నారు, వార్డెన్ చేతులతో జవాబిస్తున్నారా లేక కర్రతో బల్ల కొడుతున్నారా, అక్కడే తెలిసిపోతుంది.

మా అమ్మాయి ఇప్పటిదాకా మామూలు బడిలోనే చదివింది. పోయిన సంక్రాంతి సెలవుల ముందు ఒక ఆశ్రమ పాఠశాల చూద్దామని తీసుకెళ్లాం. పది నిమిషాల్లో నా చెయ్యి వదిలేసి ఆడపిల్లల గుంపులో కలిసిపోయింది. బస్సు టైమైందని నేను గుమ్మం దగ్గర నుంచి సైగ చేస్తుంటే చూసి కూడా చూడనట్టు ముఖం తిప్పుకుంది. ఏడో తరగతి అక్కడే అంటోంది. వాళ్ల నాన్న సరే అన్నారు. నాకింకా మనసొప్పడం లేదు. ఈ ఎండాకాలం సెలవులు అయ్యేలోపు అదీ నేనూ ఇంకోసారి వెళ్లి రెండు రోజులు ఉండి చూసొస్తాం.